జేమ్సు బ్రెయిడు: నిద్రకాని నిద్రకు పేరు పెట్టిన వైద్యుడు

తిరునాళ్ళలోను, ఉత్సవములందును ఒక్కొక్కప్పుడు నల్లని అంగీ తొడిగికొన్న ప్రదర్శకుడు రంగస్థలముపై నిలిచి, సభలోనుండి ఒక యువకుని పిలుచును. అతని కన్నులలోనికి తీక్షణముగా చూచి, నిదుర పుచ్చినట్లు చేసి, అతనిచేత కోడివలె కూయించును; లేని నిమ్మపండును ఉన్నట్లు తినిపించి ముఖము చిట్లింపజేయును. చూచువారు కడుపుబ్బ నవ్వుదురు. ఇంటికి పోయిన పిదప కొందరు తల్లిదండ్రులకు భయము పుట్టును. ఒకని చూపు సోకినంతమాత్రమున మన బిడ్డలు వానికి దాసులగుదురా యని వారి శంక. మరికొందరికి ఆశ పుట్టును. ఈ విద్యచేత మన పిల్లవాని జ్ఞాపకశక్తిని పెంచి, పరీక్షలో మంచి మార్కులు తెప్పింపవచ్చునా యని వారి ఆలోచన. ఈ భయమును, ఈ ఆశయు రెండును తెలియమి యను ఒక్క చెట్టు కొమ్మలే.

ఈ చెట్టును మొదలంట నరుకుటకు పూనుకొన్న వైద్యుడొకడు పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునందుండెను. ఆయన పేరు జేమ్సు బ్రెయిడు. హిప్నాటిజము అను మాటను ఆంగ్లభాషలో నెలకొల్పినవాడు ఆయనయే. ఆ జీవితమును మేము మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఇచ్చట సంగ్రహముగా చెప్పబూనితిమి.

బ్రెయిడు 1795వ సంవత్సరము జూన్ 19వ తేదీన స్కాట్లండు దేశమున కిన్రాసు మండలమునందు జన్మించెను. బాల్యముననే వైద్యవృత్తియందు ఆసక్తి కలిగి, లీతు పట్టణమున శస్త్రవైద్యులయొద్ద శిష్యుడుగా చేరి పని నేర్చెను. పిదప ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, 1815లో అచ్చటి రాజకీయ శస్త్రవైద్య కళాశాలనుండి యోగ్యతాపత్రమును పొందెను. మొదట లెడ్‌హిల్సు అను కొండప్రాంతమున సీసపు గనులలో పనిచేయు కూలీలకు వైద్యుడుగా నియమింపబడెను. 1825లో డంఫ్రీసు పట్టణమునకు వచ్చి స్వంతముగా వైద్యము సాగించెను. అచ్చట ఒకనాడు గుఱ్ఱపుబండి ప్రమాదమున గాయపడిన మాంచెస్టరు వాసి యొకనికి ఆయన చికిత్స చేసెను. ఆ వైద్యుని హస్తవాసిని మెచ్చి, ఆ వ్యక్తి ఆయనను తమ నగరమునకు రమ్మని ప్రోత్సహించెను. అట్లు 1828లో బ్రెయిడు మాంచెస్టరు చేరి, జీవితాంతము అచ్చటనే యుండిపోయెను.

మాంచెస్టరు అప్పటికి నూలుమిల్లుల పొగతో నిండిన నగరము. బీదలు పెక్కుమంది. వంకరపాదములతో పుట్టిన పిల్లలకును, మెల్లకన్ను గలవారికిని శస్త్రచికిత్సచేసి బాగుచేయుటలో బ్రెయిడు గొప్ప పేరు సంపాదించెను. మత్తుమందులు ఇంకను కనిపెట్టబడని ఆ దినములలో కత్తి త్వరగా నడువవలెను; చేయి వణకరాదు; కన్ను ప్రతి చిన్న మార్పును కనిపెట్టుచుండవలెను. ఇట్లు అలవడిన సూక్ష్మదృష్టియే తరువాత ఆయనకు ఒక క్రొత్త త్రోవ చూపెను.

ఆ త్రోవ ఎట్టిదో తెలియుటకు మనము కొంత వెనుకకు పోవలెను. 1734లో జర్మను సీమలో జన్మించిన మెస్మరు అను వైద్యుడు, లోకమంతట కంటికి కనబడని యొక సూక్ష్మద్రవము వ్యాపించియున్నదనియు, శరీరమున దాని ప్రవాహము చెడినపుడు రోగములు పుట్టుననియు, తాను దానిని చేతులతో నడిపి రోగములు కుదుర్పగలననియు చాటెను. ఆయన 1778లో పారిసు నగరము చేరగా ప్రజలు తండోపతండములుగా వచ్చిరి. ఇనుపకడ్డీలు అమర్చిన పెద్ద తొట్టిచుట్టు కూర్చుండి కొందరు ఏడ్చుచు, కొందరు నవ్వుచు, కొందరు మూర్ఛిల్లుచు నుండిరి. 1784లో ఫ్రెంచి రాజు పండితసంఘము నొకదానిని నియమించి విచారింపజేసెను. అమెరికా రాయబారి ఫ్రాంక్లినును, రసాయనశాస్త్రజ్ఞుడు లవోసియేయు అందు సభ్యులు.

ఆ సంఘమువారు చేసిన పరీక్షలలో నొకటి మా విద్యార్థులకు తెలియదగినది. ఫ్రాంక్లిను ఉన్న ఇంటితోటలో ఒక్క చెట్టుకు మాత్రము మెస్మరు శిష్యుడు తన శక్తిని ఎక్కించెను. తరువాత కన్నులకు గంతలు కట్టిన పండ్రెండేండ్ల బాలుని ఇతర చెట్లయొద్దకు వరుసగా నడిపించిరి. శక్తి యెక్కించిన చెట్టు దూరముననే యుండగా, ఏ శక్తియు లేని నాలుగవ చెట్టు క్రిందనే ఆ బాలుడు మూర్ఛపోయెను! ద్రవమన్నది లేదనియు, అదంతయు ఊహాబలమనియు పండితులు తీర్పు చెప్పిరి. తీర్పు సరియైనదే. కాని ఊహ మాత్రమే మనిషిని మూర్ఛిల్లజేయగలదా? చేయగలిగినచో ఎట్లు చేయును? ఈ ప్రశ్నను వారు అడుగలేదు. అడుగని ఆ ప్రశ్న అరువదేండ్లకు చేరువగా అట్లే పడియుండెను.

1841వ సంవత్సరము నవంబరు నెలలో లఫొంటేను అను ఫ్రెంచి దేశీయుడు మాంచెస్టరు వచ్చి ఈ విద్యను ప్రదర్శించెను. 13వ తేదీ రాత్రి బ్రెయిడు ఆ ప్రదర్శనకు పోయెను. ఇది మోసమనియో, ముందుగా కుదుర్చుకొన్న నాటకమనియో ఆయన తలచెను. మొదటి రాత్రి చూచినదేదియు ఆయన అభిప్రాయమును మార్చలేదు. అయినను ఆయన మరల పోయెను. ఈసారి నిదురించుచున్నదానివలె నున్న ఒక వ్యక్తి ఎంత యత్నించినను కనురెప్పలు తెరువలేకపోవుట ఆయన కంటబడెను. నటించువాడు తక్కిన అన్నిటిని నటింపగలడు గాని, ఇది నటన కాదని శస్త్రవైద్యుని కన్ను గ్రహించెను. ఇందేదో నిజము కలదు; కాని ప్రదర్శకుడు చెప్పు కారణము నిజము కానక్కరలేదు. ఈ రెండు మాటలను వేరుచేసి చూచుటయే బ్రెయిడు గొప్పతనము. మనలో పలువురము, ఫలితము కనబడినచో దానితోపాటు చెప్పిన కారణమునుగూడ నమ్ముదుము. కారణము అబద్ధమని తోచినచో ఫలితమునుగూడ త్రోసివేయుదుము.

ఆయన ఇంటికి వచ్చి పరీక్షలు మొదలుపెట్టెను. మిత్రుడొకనిని కూర్చుండబెట్టి, కన్నులకు కొంచెము పైగా ఒక సీసామెడను ఉంచి, రెప్పవేయక దానినే చూడుమనెను. మూడు నిమిషములలో ఆ మిత్రుని రెప్పలు మూతపడెను, చెంపలమీద నీరు కారెను, తల వాలెను. ఆ మీదట తన భార్యను చక్కెరగిన్నెపై నున్న చిన్న అలంకారమును తదేకముగా చూడుమని కోరెను. ఆమెకును అట్లే జరిగెను. అయినను వీరిద్దరును విషయము నెరిగినవారు గదా! కావున ఈ విద్యను గూర్చి ఏమియు తెలియని తన సేవకుని పిలిచి, మందు తయారగుచున్నది, దానిని కనిపెట్టి చూచుచుండుమని మాత్రము చెప్పెను. రెండున్నర నిమిషములలో అతడును కన్నులు మూసి తల వాల్చెను.

ఇందు ఎవరి చూపును లేదు. ఎవరి చేతులును ఆడలేదు. ఏ ద్రవమును ప్రవహింపలేదు. సీసామెడకు మంత్రశక్తి యుండునా? కావున శక్తి చేయించువానియందు లేదు, చేయువానియందే కలదని బ్రెయిడు నిర్ణయించెను. ఒక్క విషయముపై మనస్సును దృష్టిని నిలిపినందున కలుగు స్థితి ఇదియని ఆయన సిద్ధాంతము. మనిషి ఇష్టపడి, మనస్సు పెట్టినగాని ఈ స్థితి రాదనియు, ఇష్టము లేనివానిని బలాత్కారముగా ఇందు దింపుట సాధ్యము కాదనియు ఆయన మొదటినుండియు నొక్కి చెప్పెను. 1844లో తనకు తీవ్రమైన వాతపు నొప్పులు వచ్చినపుడు ఆయన తన్ను తానే ఈ స్థితిలోనికి తెచ్చుకొని, ఉపశమనము పొందెను. వేరొకని శక్తియే కారణమైనచో ఇది యెట్లు జరుగును?

నిజము చెప్పినవానికి మిత్రులు తక్కువ. 1842 ఏప్రిలులో లివర్పూలు నగరమున మెక్‌నీలు అను ప్రసిద్ధ క్రైస్తవ మతాచార్యుడు, ఇదియంతయు సైతాను పనియని దేవాలయమున ఉపన్యసించెను. తన నియమములు ప్రకృతి నియమములేయని చూపుటకు బ్రెయిడు తన ఉపన్యాస వృత్తాంతమును ఆయనకు పంపెను. తన సభకు రమ్మని ఆహ్వానించెను. ఆచార్యుడు రాలేదు. ఆ ఉపన్యాసము అచ్చుపడగా బ్రెయిడు దానికి సమాధానముగా చిన్న పుస్తకమును ప్రకటించెను. అదే యేడు జూన్ నెలలో బ్రిటిషు విజ్ఞాన సంఘము మాంచెస్టరులోనే సమావేశమయ్యెను. బ్రెయిడు సమర్పించిన వ్యాసమును వారు స్వీకరింపలేదు. ఆయన నిరాశ చెందక, 29వ తేదీన తానే ఒక సభను ఏర్పాటుచేసి, సంఘసభ్యులను పిలిచి తన పరీక్షలను చూపెను. మరియొక ప్రక్క మెస్మరు అనుయాయులు, తమ ద్రవమును కాదన్నాడని ఆయనపై కినిసిరి. నమ్మువారు ఆయనను నాస్తికుడనిరి. నమ్మనివారు ఆయనను గారడీవానితో జతకట్టిరి. ఇరువురి నడుమ ఆయన ఒంటరిగా నిలిచెను.

1843లో ఆయన తన ముఖ్యగ్రంథమును ప్రకటించి, ఈ స్థితికి హిప్నాటిజమని పేరు పెట్టెను. గ్రీకుభాషలో హిప్నోసు అనగా నిద్ర. ఆ ధాతువుతో ఫ్రాన్సునందు కొన్ని పదములు అంతకుముందే యుండినను, లోకమున నిలిచినది బ్రెయిడు వాడిన పదమే. కాని కాలము గడచినకొలది ఆయనకు తన పేరే తప్పుగా తోచెను. ఈ స్థితిలో నున్నవారిలో పెక్కుమంది నిదురించుటలేదు. మాటలు వినుచున్నారు, ఉత్తరమిచ్చుచున్నారు, తరువాత అంతయు జ్ఞాపకముంచుకొనుచున్నారు. అందువలన 1847లో ఏకభావస్థితి అను అర్థముగల వేరొక పదమును ఆయన ప్రతిపాదించెను. అప్పటికే ఆలస్యమయ్యెను. పాతపేరు జనుల నాలుకలపై స్థిరపడిపోయెను. హిప్నాటిజమనగా నిద్రయను అపోహ నేటికిని పోలేదు.

భాష బోధించు మాకు ఈ కథ మిక్కిలి హృదయంగమముగ నున్నది. మన తెలుగులో ఈ విద్యకు వశీకరణమనియు, సమ్మోహనమనియు వాడుక కలదు. వశీకరణమనగా ఒకని మరియొకడు లోబరచుకొనుట. సమ్మోహనమనగా తెలివి తప్పించి భ్రమింపజేయుట. బ్రెయిడు ఏ అభిప్రాయములను తప్పని చూపెనో సరిగా అవే మన పదములలో దాగియున్నవి. పేరు విన్నంతనే భయపడువారు వస్తువును చూచి భయపడుటలేదు. పదమును చూచి భయపడుచున్నారు. కావున మాటలను ఏరుకొనుట పండితుల వినోదము మాత్రమే కాదు. తప్పుమాట తరతరములకు తప్పుదారి చూపగలదు.

బ్రెయిడు తప్పులు చేయనివాడని మేము చెప్పము. పుఱ్ఱె మీది ఎత్తుపల్లములనుబట్టి మనిషి గుణములను చెప్పవచ్చునను శాస్త్రాభాసమును తన 1843 నాటి గ్రంథములో ఆయన కొంతవరకు సమర్థించెను. తలపై ఒక్కొక్కచోట తాకగా ఒక్కొక్క భావము పుట్టినట్లు ఆయనకు కనబడెను. తరువాత, అది పరీక్షకుని మాటలవలనను, సూచనలవలనను కలిగినదేయని గ్రహించి అభిప్రాయమును దిద్దుకొనెను. తాను కుదిర్చితినని ఆయన వ్రాసిన వ్యాధులలో అన్నిటిని నేటి వైద్యులు అంగీకరింపరు. అయినను తప్పును దిద్దుకొనుటకు సిగ్గుపడకుండుట ఆయన స్వభావము.

1846లో ఆయన ప్రకటించిన చిన్న గ్రంథమున ఇట్టి సూచనాబలము చక్కగా వివరింపబడినది. జర్మను శాస్త్రజ్ఞుడు రైకెన్‌బాకు, అయస్కాంతమునుండి ఒక క్రొత్త శక్తి వెలువడుననియు, కొందరు దానిని చూడగలరనియు చెప్పెను. బ్రెయిడు అట్టివారిని పరీక్షించెను. అయస్కాంతము ఉన్నదని తలచినపుడు, అది లేకున్నను వారికి అనుభవము కలిగెను. ఉన్నదని తెలియనపుడు, అది దగ్గరనే యున్నను ఏమియు కలుగలేదు. ఆ మరుసటి యేడు జెన్నీ లిండు అను ప్రఖ్యాత గాయని మాంచెస్టరు రాగా, బ్రెయిడు ఆమె యెదుట మిల్లులో పనిచేయు ఒక బాలికను ఈ స్థితిలో నుంచెను. ఆ బాలిక తనకు రాని భాషలలోని పాటలను గాయనితోపాటు పాడి అందరిని విస్మయపరచెను. ఇతరులైనచో దీనిని దివ్యశక్తి యనియుందురు. బ్రెయిడు మాత్రము, ఏకాగ్రతచే చెవి సూక్ష్మమై అనుకరణశక్తి పెరిగినదని మాత్రమే చెప్పెను.

మన దేశముతోడను ఆయన చింతనకు సంబంధము కలదు. 1837లో లాహోరునందు రణజిత్సింగు మహారాజు సమక్షమున ఒక యోగిని పాతిపెట్టి, కొన్ని వారములకు వెలికితీయగా సజీవుడై యుండెనను వృత్తాంతమును, చూచినవారి నుండి సేకరించి 1850లో బ్రెయిడు ఒక పుస్తకమున ప్రకటించెను. బ్రెయిడు కాలముననే, 1845 నుండి, వంగదేశమున హుగ్లీయందు ఎస్‌డైలు అను స్కాట్లండు వైద్యుడు మెస్మరు పద్ధతిని అనుసరించి రోగులను నిశ్చేష్టులను జేసి శస్త్రచికిత్సలు చేసెను. ఆ పద్ధతికి గంటలకొలది కాలము పట్టుచుండెను, అందరిపై పనిచేయదయ్యెను. 1846లో ఈథరును, 1847లో క్లోరోఫారమును వాడుకలోనికి రాగా ఆ పద్ధతి వెనుకబడెను.

1859 డిసెంబరులో పారిసు శాస్త్రపరిషత్తునకు బ్రోకా అను వైద్యుని పరిశోధన సమర్పింపబడెను. బ్రెయిడు పద్ధతిచే నొప్పి తెలియకుండ చిన్న శస్త్రచికిత్స చేసినట్లు అందు వివరింపబడెను. స్వదేశమున ఆదరము పొందని పని పరదేశమున గౌరవింపబడినదని వృద్ధవైద్యుడు సంతసించెను. బోర్డో నగరమునందలి అజాము అను వైద్యునికి, మరణమునకు కొలది దినములు ముందు, తన చివరి వ్యాసమును పంపెను. 1860 మార్చి 25వ తేదీన, అరువదినాలుగేండ్ల వయసున, మాంచెస్టరులో కన్నుమూసెను.

ఇక నేటి మాట. బ్రిటిషు వైద్యసంఘము 1955లోను, అమెరికా వైద్యసంఘము 1958లోను హిప్నాటిజమునకు చికిత్సయందు స్థానము కలదని అంగీకరించెను. నొప్పిని, చికిత్సకు ముందు కలుగు భయమును, కొన్ని ప్రేగుబాధలను తగ్గించుటకు ఇది ఇతర వైద్యమునకు తోడుగా ఉపకరించును. ఇది నిద్ర కాదని మెదడు పరీక్షలును తెలుపుచున్నవి. అందరును సమానముగ దీనికి లోనుకారు. కొందరు త్వరగా లోనగుదురు, కొందరు ఏమాత్రమును కారు, పెక్కుమంది నడుమనుందురు. లోనగుట తెలివితక్కువకు గుర్తు కాదు. ఇందు చిక్కుకొని మేలుకొనలేకపోవుదురను భయమును నిరాధారము. చేయించువాడు లేచిపోయినను, మనిషి కొంతసేపటికి తానే మామూలు స్థితికి వచ్చును. రంగస్థలముపై కోడివలె కూయువాడు దాసుడు కాడు. ప్రదర్శకుడు చిన్నచిన్న పరీక్షలచే సులభముగ లోనగువారిని, సభ మెప్పు కోరువారిని ముందే ఏరుకొనును.

మరచినవన్నియు ఈ స్థితిలో యథాతథముగ జ్ఞప్తికి వచ్చుననుట పెద్ద అపోహ. జరుగనిది జరిగినట్లు దృఢముగ నమ్ముటకుగూడ ఇందు అవకాశము కలదు. 1985లో అమెరికా వైద్యసంఘము ఈ విషయమై న్యాయస్థానములను, వైద్యులను హెచ్చరించెను. కావున చదువనిదానిని జ్ఞప్తికి తెచ్చు మంత్రము ఏదియు లేదు. హిప్నాటిజముచే మార్కులు తెప్పింతుమని రుసుము అడుగువారికి ఇచ్చు సొమ్ముతో తల్లిదండ్రులు పుస్తకములు కొనియిచ్చుట మేలు. పరీక్షలనగా వణకు, నిదురపట్టమి మొదలగు బాధలు గల పిల్లలను మాత్రము గద్దింపక, తగిన శిక్షణ పొందిన వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ఆ వైద్యుడు అవసరమని తలచినచో ఈ పద్ధతిని వాడును. మతిభ్రమణము వంటి తీవ్రవ్యాధులు గలవారికి ఇది తగదు. ఒకని ఇష్టమునకు విరుద్ధముగ ఇది పనిచేయదు గాని, నమ్మి వచ్చినవానిని మోసగించు దుర్జనుడు ఏ విద్యనైనను దుర్వినియోగము చేయగలడు. అందువలన విద్యనుగూర్చి భయపడుటకంటె, దానిని చేయువాని యోగ్యతను విచారించుట ముఖ్యము.

విద్యార్థులారా! మాంచెస్టరు ప్రదర్శనశాలకు ఆ రాత్రి పోయినవారు వందలమంది. కొందరు చేతులు జోడించి వచ్చిరి, కొందరు పెదవి విరిచి వచ్చిరి. ఒక్కడు మాత్రము మరల పోయి చూచెను. ఇంటికి వచ్చి సీసామెడతో, చక్కెరగిన్నెతో పరీక్షించెను. అట్టి వస్తువులు మన ఇండ్లలోను కలవు. లేనిదల్లా తొందరపడి నమ్మకయు, తొందరపడి కాదనకయు నిలిచియుండు ఓర్పే. అది అలవడినవానికి వశీకరణ భయము లేదు.